ఒక్క దారి మూయబోయి

జులై పద్దెనిమిది, శుక్రవారం. సారపాకలో పొద్దున్నుంచీ ముసురు. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం తలుచుకుని మా అక్క కూతురు సుజాత ఇప్పటికీ నవ్వుతోంది. నవ్వుతోందంటే కొంప మునగలేదన్నమాట. కానీ అంచుదాకా పోయింది!

సుజాతది చిన్న ఇంటర్నెట్ వ్యాపారం. ఆఫీసు మా ముందుగదే. భద్రాచలం అవతల ఒక అడవి ఊళ్లో కొత్తగా రౌటర్ పెట్టింది. ఆ రోజు సర్పంచ్‌కు నెట్ చూపించాలి. నచ్చితే ఊరంతటి కనెక్షన్లూ ఆమెకే. పోతూ పోతూ, "మామా, ఏం ముట్టకు" అంది.

నేనా, టెలిఫోన్ల శాఖలో రిటైరైనవాణ్ణి. ఆ రోజుల్లో స్తంభం మీద కోతి కూర్చున్నా లైను కలిపేవాళ్లం... సరే, ఆ సంగతి వదిలేయండి.

ఏ నెట్‌వర్కుకు ఎటు పోవాలో రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఊరి రౌటర్, టెస్టింగ్ నాటి పాత దారి ఒకటి ఇంకా చెబుతోంది. చూస్తూ ఊరుకోలేకపోయాను. ఇంటి నుంచే అందులోకి లాగినై, ఆ ఒక్క దారి చెప్పొద్దని ఫిల్టర్‌లో ఒక లైను రాసి, ఎంటర్ కొట్టాను. ఆ దారి పోయింది. మిగతావన్నీ కూడా పోయాయి! సరిచేద్దామంటే నేను లోపలికి పోయే దారీ లేదు.

ఫోన్ మోగింది.

"మామా, ఏం చేసినవ్?"

"ఏం లేదు బిడ్డా, ఆ పాత దారి వద్దని ఒక్క లైనే..."

"సర్పంచ్ సాబ్ ముందట చక్రం తిరుగుతాంది! ఒకర్ని వద్దంటే అయితదా? మిగిలినోళ్లను రమ్మని రాయాలె. రాయకుంటే అది ఎవ్వర్నీ పోనియ్యదు."

పక్కనుంచి మా ఆవిడ అందుకుంది: "బొట్టు పెట్టి పిలవకుంటే మీ అక్కనే రాదు, మిషనొస్తదా?"

సుజాత అక్కడే రౌటర్‌కు కేబుల్ పెట్టి, మిగతా దారులన్నిటికీ అనుమతిస్తూ ఇంకో లైను రాసింది. నెట్ వచ్చింది. ఫోన్లో సర్పంచ్ గొంతు: "చెడితే ఇంత జల్దీ బాగుచేస్తవా బిడ్డా? ఇగ ఊరంత నువ్వే పెట్టు."

సాయంత్రం సుజాత వచ్చి ఆస్తి పంపకాలు చేసింది. కొత్త పాస్‌వర్డ్ ఆమెకు. నా ల్యాప్‌టాప్ మా ఆవిడకు, సీరియళ్లు చూసుకోవడానికి. నా తిరిగే కుర్చీ నడుంనొప్పి ఉన్న మా అక్కకు. ఊరంతటి కనెక్షన్లు తెచ్చిపెట్టిన నాకు మాత్రం ఏమీ రాలేదు.