దాన్ని ఎంకరేజ్ చెయ్యకండి

మా చిన్నప్పుడు... నాన్న ఆటోనగర్ షెడ్డు నుంచి వచ్చేసరికి మా గ్రేసక్క గుమ్మంలోనే కాచుకుని ఉండేది. "ఇవాళ ఏ ఇంజన్ విప్పారు నాన్నా?" అని అడిగేది. ఆయన సుద్దముక్కతో గచ్చు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవారు...

వంటింట్లోంచి అమ్మ గొంతు వినపడేది. "ఏమండీ, దాన్ని ఎంకరేజ్ చెయ్యకండి. రేపు పెళ్లి కావాల్సిన పిల్ల."

'ఎంకరేజ్' అనే మాట నాకు అలా పరిచయం. ఏదో చెడ్డపనే అనుకునేవాణ్ణి. ఆరో తరగతిలో ఇంగ్లీషు టీచరుగారు ఆ మాటకి అర్థం 'ప్రోత్సహించడం' అని బోర్డు మీద రాసి, సొంతవాక్యం చెప్పమన్నారు. లేచి, "మా అక్కని ఎంకరేజ్ చెయ్యకూడదండీ" అన్నాను. క్లాసంతా నవ్వింది. టీచరుగారు నవ్వలేదు. "ఎందుకని?" అన్నారు.

ఆ వేసవిలోనే నాన్న స్కూటర్ మొరాయించింది. రెండ్రోజులు కుస్తీ పట్టి ఆయనే వదిలేశారు. ఆదివారం చర్చి నుంచి రాగానే అక్క పరికిణీ ఎగదోపి దాని ముందు కూర్చుంది. కార్బురేటర్ విప్పింది, పెట్రోలుతో కడిగింది, మళ్లీ బిగించింది. నేను పక్కనే ఉన్నాను. ఒక్క కిక్కుకి స్టార్టయింది.

ఆ చప్పుడికి అమ్మా నాన్నా బయటికొచ్చారు. అక్క ముఖం నిండా చెమట, మసి... నాన్న కళ్లు మెరిశాయి. అంతలోనే అమ్మ వైపు చూశారు. "చేతులు కడుక్కో, అన్నం తిందువుగాని" అని లోపలికెళ్లిపోయారు.

అప్పుడు అక్క నా వైపు చూసింది.

బాగా చేశావక్కా అనాలి. నోటిదాకా వచ్చింది. అమ్మ ఇంకా అక్కడే ఉంది... తల దించుకున్నాను.

అక్క మళ్లీ స్పానర్ ముట్టుకోలేదు. ఇంటరయ్యాక మైలవరం సంబంధం చేశారు. మూడేళ్ల క్రితం జ్వరమొచ్చి, వారం తిరక్కుండానే పోయింది. ఆ చూపు మాత్రం పోలేదు... బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినా, ఆఫీసులో ఫైలు తిరగేస్తున్నా ఎదురొచ్చి నిలబడుతుంది.

మొన్న అక్క సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తూ నాన్న అన్నారు, "నాకంటే దాని చెయ్యే మంచిదిరా. ఆ రోజే తెలిసింది నాకు."

"మరి చెప్పలేదేం నాన్నా?"

ఆయన కొవ్వొత్తికి గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టారు. నేనూ చెప్పలేదని ఆయనకి తెలీదు. చెప్పే ధైర్యం నాకూ రాలేదు...

ఇప్పుడు ముఖం తెలియనివాళ్లకి కూడా ఫోన్లో 'సూపర్' అని పంపేస్తున్నాం. ఆ రోజుల్లో ఎదురుగా నిలబడ్డ సొంత మనిషికి ఒక్క మాట బరువైపోయింది.

మీరూ ఎవరికైనా అలా చెప్పకుండా మింగేసిన మాట ఉంటే, కింద రాయండి... ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం, ముందు వాళ్లకి చెప్పి రండి.