నేల చేరని నౌక

డెబ్బైల మొదట్లో నేను లాల్‌దర్వాజాలో ఒక గదిలో అద్దెకుండేవాణ్ని. పగలు సర్కారీ కొలువు. సాయంత్రాలు ఒక వారపత్రికకి శీర్షిక రాసేవాణ్ని. మాయలూ మంత్రాలూ, గ్రహాంతర యానాలూ ఉన్న కొత్త నవలలు ఏవి వచ్చాయో, ఎలా ఉన్నాయో చెప్పడం నా పని.

మా ఇంటి యజమానురాలు మొఘల్‌పురాలో బడిపంతులమ్మ. భర్త పోయాక తల్లితో ఉండేది. నా శీర్షిక విడవకుండా చదివేది. ఒకరోజు, "తమ్మీ, నేను గూడ ఒకటి రాస్తున్న. జర చూస్తవా?" అంది.

దూరపు నక్షత్రానికి ఒక నౌక పోతుంటుంది. చేరేలోపు తరాలు గడిచిపోతాయి. నౌకలోనే పుట్టిన ఒక పిల్ల, మట్టి తడిస్తే ఎలాంటి వాసనొస్తుందని ముసలమ్మని అడుగుతుంది. ముసలమ్మకీ తెలీదు, ఆమె పుట్టిందీ అక్కడే. ఆ చోటు నేను మళ్లీ చదివాను. మర్నాడే తీసుకెళ్లి సంపాదకుడికిచ్చాను. సీరియల్ మొదలైంది.

మా గల్లీ దర్జీకి తెలుగు చదవడం రాదు. కూతురు ఆ సీరియల్ చదువుతుంటే మిషన్ ఆపి వినేవాడు.

కథ సగంలో ఉండగా సంపాదకుడు నన్ను పిలిచాడు. "వచ్చే వారంతో ముగించమనండి. మంత్రగాడి సీరియల్ ఒకటి దొరికింది."

"నౌకలోవాళ్లింకా దారిలోనే ఉన్నారండీ."

ఆయన కోప్పడలేదు. గది మూల చూపించాడు. అమ్ముడుపోక ఏజెంట్లు తిప్పి పంపిన పత్రికల కట్టలు కిటికీని మూసేసి ఉన్నాయి. "అంతా కల అని రాసేయమనండి. అరపేజీ చాలు" అన్నాడు అలసటగా.

ఇంటికొచ్చి చెప్పాను. ఆమె చేతిలో బియ్యం చాట అలాగే ఉండిపోయింది. "ఒక్క వారంల గంతమందిని నేల మీదికి ఎట్ల దించాలె? ఆ పిల్ల ఇంక పెద్దగ గూడ కాలే."

"మళ్లీ అడిగి చూస్తానండీ అక్కయ్యగారూ" అన్నాను. అడిగాను. లాభం లేకపోయింది. ఆమె కల అని రాయనంది.

పత్రిక వచ్చింది. ఆఫీసులో ఎవరో ముగింపు రాసేశారు. పిల్ల మంచం మీద మేలుకుంటుంది, తల్లి పాలగ్లాసు తెస్తుంది. కింద పంతులమ్మ పేరు. నా శీర్షిక చివర నేను రాయని వాక్యం: ఆ సీరియల్ పాఠకుల విశేషాదరణతో ముగిసిందట. ఆమె ఆ పేజీ చదివి, వెనక్కి తిప్పి, అక్కడింకేమైనా ఉందేమోనని చూసింది.

సాయంత్రం దర్జీ అరుగు దగ్గరికొచ్చాడు. "ఆపా, సబ్ ఖ్వాబ్ థా కతే? అంత కలేనా? గంత దూరం పోయింది ఉత్తదేనా?"

"అది నేను రాయలే భాయ్."

"మరి అసల్ది చెప్పు. దిగిండ్రా, లేదా?"

"దిగుతరు..." అని మొదలుపెట్టింది. ఆగిపోయింది. "నాకు గూడ తెల్వది భాయ్. రాస్తుంటె తెలుస్తుండె." అతను మిషన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ ముగింపు రచయిత్రిది కాదని తర్వాతి వారం నా శీర్షికలో రాశాను. అది అచ్చులో రాలేదు. శీర్షిక మానేశాను. అది గమనించినవాళ్లు కూడా లేరు. సీరియల్‌ని మరో పత్రికకి తీసుకెళితే అక్కడివాళ్లు మర్యాదగానే, "అంతా కలని తేలిపోయింది కదండీ, మళ్లీ ఎలా వేస్తాం?" అన్నారు.

ఆ మాట ఆమెకి చెప్పలేక వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నా మొహం చూసి ఆమెకే అర్థమైంది.

"ఇగ ఇడ్చిపెట్టు తమ్మీ. బువ్వ తిన్నవా?"

తిన్నానని చెప్పాను. తినలేదు.