తొందరపడి చెప్పిన సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, మీర్‌పేట్‌లో జాకెట్లు కుట్టుకునే సుగుణమ్మను నేను. ఆరు నెలల క్రితం ఇదే దిల్‌సుఖ్‌నగర్ సంఘంలో, ఇదే మైకు పట్టుకుని, నా రొమ్ము క్యాన్సర్ పూర్తిగా పోయిందని చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టారు, నా కోసం ఉపవాసం ఉన్నవాళ్లు ఏడ్చేశారు. ఆ మాట పూర్తి నిజం కాదని ఆ పూటే నాకు తెలుసు! దాన్ని సరిచేద్దామనే ఈ రోజు నిలబడ్డాను.

ఆపరేషన్‌లో గడ్డ తీసేసిన మాట నిజమే. కానీ ఎల్బీనగర్ దవాఖానలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది, గడ్డలోంచి కొన్ని కణాలు అప్పటికే రక్తంలోకి జారి ఉండొచ్చని, చాలావరకు దారిలోనే చచ్చిపోతాయని, బతికిన ఒకటీ అరా ఎముకలోనో కాలేయంలోనో కుదురుకుంటే అక్కడ కొత్త గడ్డ లేస్తుందని, అవి స్కానింగ్‌కు అందవు కాబట్టి కీమో తప్పదని. నేను తలూపి వచ్చాను. సాక్ష్యం చెప్పాక మాత్రం మళ్లీ ఆ మెట్లెక్కడానికి నామోషీ అయింది. దేవుడు బాగుచేశాడన్న నోటితో మందు ఎలా అడగను?

ఇక నెమ్మది లేదు. మిషన్ ముందు కూర్చుంటే కాలు ఆడదు, లేచి వాకిట్లోకి, మళ్లీ లోపలికి, నడుము కాస్త పట్టేస్తే చాలు, అక్కడికి చేరిందేమోనని గుండె దడ! నాడి కొట్టుకుంటుంటే ఇప్పుడు ఎటు పోతోందో అనిపించేది. రెండు నెలలు ఇలాగే గడిచాయి. ఆ పరధ్యానంలో ఒక జాకెట్‌కు రెండూ ఎడమ చేతులే కుట్టాను.

ఆ జాకెట్ మన పాస్టరమ్మది. సరిచేయించుకోవడానికి వచ్చి, గుడ్డముక్కల కింద నేను దాచిన దవాఖాన ఫైలు చూసింది. కీమోకు వెళ్లలేదని ఒప్పుకున్నాను, కోప్పడుతుందనుకున్నాను. "ఏందమ్మా గిది? దవాఖానకు పోతే దేవుడు చిన్నగైతడా? నడువ్, నేనొస్త" అంది. నేను మిషన్ మీద తల పెట్టి ఏడుస్తూ ప్రార్థించాను: "తండ్రీ, నీ పేరు కాపాడుతున్న అనుకున్న, నా పరువే కాపాడుకున్న. నాకు కనబడనియి నీకు కనబడతయి. నన్ను నడిపియ్యి."

ఆలస్యం చేశావని డాక్టరమ్మ కసిరింది, కానీ వెనక్కి పంపలేదు, దేవునికే మహిమ! నాలుగు కీమోలు అయ్యాయి, ఇంకా రెండున్నాయి. ఆ కణాలు ఉన్నాయో పోయాయో నాకు తెలియదు. ఇప్పటికీ కొన్ని పూటలు భయం లేస్తుంది, కానీ దాచుకునే బాధ నుంచి మాత్రం ప్రభువు నన్ను విడిపించాడు.

ఆరాధనలో తలమీద కొంగు ఉంటుంది కదా, ఇన్నాళ్లూ మీకెవరికీ తెలియలేదు. ఇదిగో, తీస్తున్నాను, నా గుండు చూడండి! మీలో ఎవరైనా నాలాగే ఫైలు దాచుకుని ఉంటే, దేవుణ్ని నమ్మి బయటికి తీయండి. మంగళవారం పదింటికి నా కీమో. ఆటోలో నా పక్కన చోటుంది.