పొద్దుపొడవక ముందు లెక్క

"మగవాళ్ళకు ఆరు, ఆడవాళ్ళకు రెండు" అని కాగితం చూసి చదివాడు ఇంజనీరు సుబ్బరాజు. మెట్టుగూడలో రైలు పట్టాల వెనక ఉన్న మా బస్తీకి మరుగుదొడ్లు కట్టించడానికి ప్రాజెక్టు వాళ్ళు పంపిన మనిషి. అది తొంభై ఆరు, ఎండాకాలం.

"గిదేం లెక్క సారూ?" అని లేచింది ప్రేమమణి. మిషన్ బడిలో ఆయా. ఆమె గొంతు లేస్తే బడి గంటతో పని లేదు.

"చూసే రాశానమ్మా. మూడు రోజులు ఇక్కడే కూర్చున్నాం. పట్టాల వైపు వెళ్ళిన ఆడవాళ్ళు పదిమంది కూడా లేరు."

"ఎప్పుడు కూసున్నరు?"

"పది నుంచి అయిదు దాకా."

ఆడవాళ్ళమంతా ఒక్కసారే నవ్వాం. ఆయన మొహం మాడిపోయింది.

"పగటి పూట మేం పోతే కదా సారూ మీకు కనవడేది! పొద్దుపొడవక ముందే పోయొస్తం. మళ్ల చీకటి పడేదాంక నీళ్లు సుత తాగం. గప్పుడొచ్చి లెక్కవెట్టుండ్రి. మీరు గాదు, ఆడమనిషిని తోలుండ్రి."

బస్తీ పెద్ద వీరయ్యకు మండింది. "ఇచ్చింది తీస్కోక ఏందీ లొల్లి?"

"వీరయ్యన్నా, రేపు పొద్దంత నువ్వు గొంతెండవెట్టుకొని ఉండు. పొద్దుగూకినంక మాట్లాడుదం."

ప్రాజెక్టు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చి, రెండు రోజులు తెల్లవారుజామున పట్టాల దగ్గర నిలబడింది. రాసి రాసి చేయి నొప్పి పుట్టిందని చెప్పింది. కాగితం మారింది. ఆడవాళ్ళకు ఆరు, మగవాళ్ళకు నాలుగు.

ప్రేమమణిది ఉత్త పంతం కాదు. నీళ్ళు తాగకుండా బిగబట్టుకుని రెండుసార్లు మూత్రంలో మంటతో ఆసుపత్రిలో పడింది. బాగా నీళ్ళు తాగమని డాక్టరు చెబితే, "పోనీకి జాగా చూపియ్యుండ్రి, బిందెడు తాగుత" అన్నదట.

దసరాకు ముందే దొడ్లు తెరిచారు. కడగడానికి బుచ్చమ్మను పెట్టారు. ఆరూ రోజుకు రెండుసార్లు కడిగేది. తన అవసరానికి మాత్రం మళ్ళీ పట్టాల వెంటే పోయేది. లోపలికి రావద్దని అన్నది ఎవరో కాదు, నేనే. దాచిపెట్టి ఏం లాభం? నేనన్నాక మిగతావాళ్ళు తలలూపారు.

ఒక మధ్యాహ్నం బుచ్చమ్మ పట్టాల నుంచి వస్తుంటే, అక్కడ పేకాడే మగవాళ్ళు ఈలలు వేశారు. ప్రేమమణి కళ్ళారా చూసింది. నేరుగా వచ్చి నా గడప ముందు నిలబడింది.

"అనసూయక్కా, ఆరు రూములు అడిగింది నీకు నాకేనా?"

"ఆమె పోయినదాంట్లకు ఎవరు పోతరే?" అన్నాను.

"ఆమె కడిగినదాంట్లకు రోజూ పోతలేవా?"

నాకు ఒళ్ళు మండింది. "నీకంత ఉంటే నువ్వే తోల్కపో" అన్నాను.

"నేను తోల్కపోతే చర్చోళ్ల పనులంటరు. నీ నోటికి బస్తంత భయపడుతది. వద్దన్నది నువ్వే, రమ్మనేది సుత నువ్వే గావాలె." గొంతు తగ్గించి అన్నది. "రేపు పొద్దుగాల బుచ్చమ్మను లైన్ల నీ ముంగట నిలవెట్టుకో అక్కా. ఆమె బయటికి రాంగనే అదే రూములకు నువ్వు పో. అందరు చూస్తుండంగ."