రాజమల్లు వినే కూత

నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద రాజమల్లు 1956లో రేడియోల దుకాణం తెరిచాడు. ఇరవయ్యేళ్లు రేడియోలు బాగుచేశాక ఊళ్లోకి టీవీ వచ్చింది; ఏ పరీక్షా రాయకుండా తనకు తానే టీవీ నిపుణుడిగా పదోన్నతి ఇచ్చుకున్నాడు. వాల్వుల సెట్టుకు ఆయన చేసే వైద్యం పూజావిధానం లాంటిది. వెనక చెక్క విప్పి, సెట్టు ఆన్ చేసి, కళ్లు మూసుకుని, కుడిచెవి ఒగ్గేవాడు. తెర మీద వెలుగు గీతలు గీసే లైన్ భాగం పనిచేస్తుంటే దోమ పాటకన్నా సన్నటి కూత వస్తుంది. కూత ఉంటే లైన్ బతికే ఉన్నట్టు, జబ్బు దాని అవతల. కూత లేకపోతే లైనే పోయినట్టు. ఆ తీర్పు మీద అబిడ్స్‌లో అప్పీలు లేదు.

1979లో ఒక గురువారం, అబిడ్స్ వెనక గల్లీలో గుమాస్తా బాలకిషన్ ఇంటి సెట్టు మాట్లాడుతోంది గానీ తెర నల్లగా ఉంది. రాజమల్లు చెవి ఒగ్గాడు. ఏమీ లేదు.

"లైన్ ఖతం," అన్నాడు.

లైన్ వాల్వు మార్చాడు. కూత లేదు. శుక్రవారం దాని జోడు వాల్వు మార్చాడు. లేదు. శనివారం ట్రాన్స్‌ఫార్మరే మార్చాడు. అయినా లేదు. దుకాణంలో కూర్చోలేడు, ఇంట్లో పడుకోలేడు. చాయ్ తాగడానికి బషీర్‌బాగ్ దాకా నడిచి, తాగకుండానే తిరిగొచ్చాడు. ఈ ఒక్క సెట్టు లొంగకపోతే ఇరవై మూడేళ్ల పనితనం బూటకమని తేలిపోతుందని ఆయన భయం.

ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వెళ్లాడు.

"రాజమల్లన్నా, పొద్దుమీకి సినిమా ఉన్నది. గల్లీ మొత్తానికి చెప్పిన. ఇజ్జత్ పోతది," అని బాలకిషన్ బజారుకు వెళ్లాడు.

రాజమల్లు సెట్టు ఆన్ చేసి చెవి ఒగ్గాడు. వంటింట్లోంచి బాలకిషన్ భార్య విద్యావతి చెవులు మూసుకుంటూ వచ్చింది.

"అన్నా, జర బంద్ చెయ్యి! మూడు దినాలసంది గీ కూతతోని తలకాయ పలుగుతున్నది."

రాజమల్లు కళ్లు తెరిచాడు.

"ఏ కూతమ్మా?"

"గీడ, నీ చెవు కాడనే. నీకు వినొస్తలేదా?"

"ఫ్యాన్ చప్పుడుల కలిసిపోయినట్టున్నది."

ఇద్దరూ తలెత్తి చూశారు. ఫ్యాన్ తిరగడం లేదు. విద్యావతి లోపలికి వెళ్లింది.

లైన్ మొదటినుంచీ బతికే ఉంది. అంటే జబ్బు దాని అవతల. రాజమల్లు పిక్చర్ ట్యూబులో మిగిలిన కరెంటు దింపి, దానికి హై వోల్టేజి పంపే చిన్న వాల్వు మార్చాడు. పది నిమిషాల పని. తెర తెల్లగా వెలిగింది.

సాయంత్రానికి గడప ముందు చెప్పుల రాశి. గది నిండా జనం. సినిమా మొదలైంది. రాజమల్లు ఇంటికి పోలేకపోయాడు. గోడవారగా నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. విద్యావతి ఒకసారి ఆయనవంక చూసి చూపు తిప్పుకుంది. ఆమె ఎవరికీ చెప్పదని ఆయనకు అర్థమైంది. దాంతో అశాంతి రెట్టింపైంది. చివరికి జనాన్ని దాటుకుంటూ వెళ్లి, సెట్టు ముందు చేతులు కట్టుకుని, న్యాయస్థానంలో నేరం ఒప్పుకునే ముద్దాయిలా నిలబడ్డాడు.

"బాలకిషన్ సాబ్, లైన్ మంచిగనే ఉండె. పోయింది నా చెవు. గా కూత నాకిగ వినొస్తలేదు."

"ఔనా?" అన్నాడు బాలకిషన్, మెడ పక్కకు చాచి. "జర ఇవతలికి జరుగన్నా, హీరోయిన్ కనిపిస్తలేదు."