ఎల్బీనగర్ దగ్గర ఆగిన ఫొటో

రాష్ట్రం వచ్చిన కొత్తలో నా దగ్గర ఒక డిగ్రీ, ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా ఉండేవి. రెండింట్లో పనిచేసేది కెమెరా ఒక్కటే.

నల్లగొండలో చదువు ముగించి కట్టంగూర్‌లోని మా ఇంటికి చేరాక, మనం పంపే ఫొటోలను అమ్మిపెట్టే ఒక విదేశీ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచాను. బత్తాయి తోటలు, హైవే మీద లారీలు, కల్లంలో ఎండు మిరపకాయలు పంపాను. వాళ్లు కొన్ని తీసుకున్నారు. ఎవరూ కొనలేదు. అయినా ఇంటికొచ్చినవాళ్లు అడిగితే, మావాడు ఖాళీగా ఉన్నాడని కాకుండా ఆన్‌లైన్‌లో ఏదో చేస్తున్నాడని చెప్పుకునే వీలు మావాళ్లకు దొరికింది. ఆ మేలు మాత్రం మరిచిపోను.

నిజానికి ప్రపంచానికి చూపించాలని నేను ఆశపడ్డ ఫొటో ఒక్కటే. అది మా అవ్వది, నాయినను కన్న తల్లిది. ఇంటి ముందు పత్తి కుప్ప పక్కన కూర్చుని, జుట్టు నిండా పత్తి పీచుతో, ముందు పళ్లు రెండు లేని నోరు తెరిచి నవ్వుతోంది. అంత సహజంగా ఎలా నవ్వించావని చూసినవాళ్లు అడిగేవారు. నేను వెనక్కి నడుస్తూ కుప్పలో వెల్లకిలా పడ్డాను, అంతే. పడుతూ పడుతూ బటన్ నొక్కాను. నా కళాజీవితంలో గొప్ప ఘట్టం అదే.

ఆ రోజుల్లో మా ఇంట్లో సిగ్నల్ దొరికే జాగా ఒక్కటే, దాబా మీద నీళ్ల ట్యాంకు. ఫోన్ ట్యాంకు మీద పెట్టి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఫొటో ఎంత శాతం వెళ్లిందో చూపే గీత తెర మీద కదలడం చూస్తూ కూర్చునేవాడిని. అవ్వ కిందనుంచి కేకేసేది. ఆమెకు శాతాలతో పనిలేదు. తన ఫొటో హైదరాబాద్ బస్సెక్కిందని ఆమె లెక్క.

"నార్కట్‌పల్లి దాటిందా, బిడ్డా?"

ఇరవై శాతమంటే నార్కట్‌పల్లి. యాభై అయితే చౌటుప్పల్. తొంభై తొమ్మిది దగ్గర గీత ఆగిపోయేది. ఆ మాట చెబితే, ఎల్బీనగర్‌లో జాం ఉంటుంది, జర ఆగమని ఓదార్చేది. కాసేపటికి తెర మీద 'ఏదో తప్పు జరిగింది' అని వచ్చేది. ఏం తప్పో చెప్పేవారు కాదు. సహాయ విభాగానికి రాస్తే, బ్రౌజర్ చరిత్ర తుడిచి మళ్లీ లాగిన్ అవ్వమనేవారు. ఆ ఏడాది నేను తుడిచినంత చరిత్ర ఏ ప్రభుత్వమూ తుడిచి ఉండదు.

పదకొండోసారికి ఫొటో చేరింది. చేరగానే సైట్ తనంతట తానే దానికి గుర్తింపు పదాలు తగిలించింది: మంచు, చలికాలం, సెలవులు. కట్టంగూర్ ఎండలో మా అవ్వ మంచులో ఆడుకుంటోంది. నేను ఆ పదాలు తీసేసేవాడిని. పేజీ మళ్లీ తెరిస్తే అవి మళ్లీ ఉండేవి.

తర్వాత ఒప్పుకోలు ఫారం అడిగారు. ఫొటోలో మొహం కనబడే మనిషి దాని మీద సంతకం చేయాలి. అవ్వ బొటనవేలికి సిరా అద్దుకుని ఎప్పటిలాగే ముద్ర వేసింది. రెండు రోజులకు జవాబొచ్చింది. సంతకం లేదు, కాగితం మీద నల్లటి మరక ఉంది, శుభ్రమైన కాగితం స్కాన్ చేసి పంపండి.

అవ్వకు రోషమొచ్చింది. "మరకనా? గది నా ఏలు. పింఛనిచ్చెటోళ్లకు పనికొచ్చింది, గీళ్లకు పనికి రాదా?"

మర్నాటినుంచి పాత క్యాలెండర్ కాగితాల వెనక తన పేరు రాయడం మొదలుపెట్టింది. మూడక్షరాల పేరు. నడిమి అక్షరం ఒకరోజు ఇటు తిరిగేది, ఒకరోజు అటు. వారానికి మూడూ ఒకేవైపు చూశాయి. అరవై దాటాక మా అవ్వ తొలిసారి సంతకం పెట్టింది. స్కాన్ చేసేముందు ఆ సంతకాన్ని ఒక ఫొటో తీసుకున్నాను.

ఇక సాక్షి సంతకం మిగిలింది. దానికి మా బజారులోని దర్జీ తాత దగ్గరికి వెళ్లాం. ఆయనది మా అవ్వ పుట్టిన ఊరు. మా దిక్కు ఆడపిల్ల తల్లిగారి ఊరివాళ్లెవరైనా, ఏ ఇంటివాళ్లైనా, ఆమెకు అన్నదమ్ములే. ఆయన రంజాన్‌కు సేమ్యా పంపేవాడు, అవ్వ తోట పక్కన కాసిన సీతాఫలాలు పంపేది. ఫారంలో, ఈమెకు మీరేమవుతారని ఒక గడి ఉంది. చదివి వినిపించాను. తమ్ముణ్ని అన్నాడు మిషన్ ఆపకుండానే. నేనూ ఆలోచించకుండా అదే రాసేశాను.

తిరిగొచ్చింది. సాక్షి కుటుంబ సభ్యుడు కాకూడదు. ఏ సంబంధమూ లేనివాళ్లతో కొత్త ఫారం పంపండి.

అలాంటి మనిషి కోసం అవ్వను వెంటేసుకుని ఊరంతా తిరిగాను. పోస్ట్‌మన్ ఆమెకు వరసకు అల్లుడు. సూదులు వేసే డాక్టరేమో పెద్దకొడుకు. చివరికి ఆలేరు నుంచి వచ్చి నెల కూడా కాని పెట్రోల్ బంకు పనివాడిని పట్టుకున్నాను. అవ్వ అతని తల్లిది ఏ ఊరని అడిగింది. ఐదు నిమిషాల్లో అతను మనవడైపోయాడు, నాకు తమ్ముడు దొరికాడు, సాక్షి దొరకలేదు.

మళ్లీ దర్జీ తాత దగ్గరికే వచ్చి, ఏ సంబంధమూ లేదని రాస్తే అయిపోతుంది, ఉత్త కాగితమే కదా అన్నాను. ఆయన తలూపాడు. అవ్వ ఊపలేదు.

"మా తల్లిగారూరి ముచ్చట తీస్తే, అవునక్కా అనెటోడు నాకు వీడొక్కడే మిగిలిండు. వీన్ని ఏం కాడని రాస్తవా? నా బొమ్మ ఎవలు చూడకున్నా మంచిదే."

ఆమె వెళ్లిపోయాక, ఆమె అప్పటికే సంతకం పెట్టిన కొత్త ఫారం మీద తాత తనదీ పెట్టి, సంబంధం గడి ఖాళీగా వదిలి నా చేతిలో పెట్టాడు. "అక్కకు చెప్పకు. గా నవ్వు అందరు చూడాలె."

దాబా ఎక్కి, ఆ గడిలో 'సంబంధం లేదు' అని రాసి, అప్‌లోడ్ నొక్కాను. గీత కదిలింది.

"ఏడిదాక పోయింది, బిడ్డా?" అంది అవ్వ కిందనుంచి. వేరే ఫొటో ఏదో పంపుతున్నాననుకుంది, నేనేం రాశానో ఆమెకు తెలియదు.

చౌటుప్పల్ అన్నాను. తొంభై తొమ్మిది దగ్గర, అలవాటు ప్రకారం, ఆగింది. ఆ సైట్ లోపాలను అంతకుముందు నేను తిట్టని రోజు లేదు. ఆ రోజు మాత్రం ట్యాంకు మీదినుంచి ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాను. సిగ్నల్ పోయిందని చెప్పాను.

"పోనీ తియ్యి. జాం ఎక్కువున్నట్టుంది," అంది.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో కిరాయి గదిలో ఉంటూ పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. వందల ఫొటోలు టీ చల్లారేలోపు వెళ్లిపోతాయి. మధ్యలో నార్కట్‌పల్లి తగలదు, చౌటుప్పల్ తగలదు, ఎక్కడిదాకా పోయిందని అడిగేవాళ్లూ లేరు. ఒక్కోసారి గీత కాసేపు ఆగితే బాగుండనిపిస్తుంది. కస్టమర్లకు ఈ మాట చెప్పను.

ఆ సైట్‌లో నా ఖాతా ఇంకా ఉంది. అవ్వ ఫొటో పక్కన 'ఫారం అసంపూర్ణం' అని ఎర్రగా ఉంటుంది, కింద 'మంచు' అని కూడా. అచ్చు వేయించిన ఫొటో మాత్రం దర్జీ తాత మిషన్ పైన గోడకుంది. ఎవరీమె అని కొలతలిచ్చేవాళ్లు అడుగుతుంటారు. సాక్షి దాని కిందే కూర్చుని ఉంటాడు, మిషన్ ఆపకుండా మా అక్క అంటాడు.