వదినా నేనూ కట్టిన వలస పాట

గురువారం మధ్యాహ్నం అన్న ఫోన్ చేసి, "మీ వదిన లేదమ్మా" అన్నాడు. ఎక్కడికి వెళ్లిందని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అన్న మళ్లీ చెప్పేదాకా నాకు తెలియలేదు. గోదావరి అవతల మిరప తోటలో కాయలు ఏరుతూ సాలులోనే కూలబడిందట. ఆసుపత్రికి చేర్చేసరికే గుండె ఆగిపోయిందన్నారు.

మా ఇద్దరి కొత్త పాట విడుదలైంది సోమవారం. గురువారం పొద్దున కూడా వదిన ఫోన్‌లో నాతో మాట్లాడింది. "పిల్లా, తోటల అందరి ఫోన్లల్ల మన పాటే. నా గొంతు నాకే ఎవలిదో లెక్క ఇనవడ్తాంది" అని నవ్వింది. ఆ నవ్వుకీ అన్న ఫోనుకీ మధ్య నేను బడిలో మూడు పాఠాలు చెప్పాను. అంతే.

వదిన గోదావరి ఇవతలి ఒడ్డున తర్లగూడలో, నేను దూరాన బస్తర్ పట్నం జగదల్‌పూర్‌లో. అయినా పెళ్లిళ్లకూ సంతలకూ కలిసే వెళ్లి పాడేవాళ్లం. ఆమె ఎత్తుకునేది, నేను అందుకునేదాన్ని. వదినకు చదువు రాదు. తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో అక్కడి దోర్లీ భాషలోకి జారి, మళ్లీ తెలుగు ఒడ్డుకు వచ్చేది. ఇది ఎవరు కట్టారని అడిగితే, "దారిల దొరికింది" అనేది.

వలస పాట మాత్రం మేమిద్దరమే కట్టాం. ఏటా మిరప ఏరడానికి అవతలికి పోయే ఆడవాళ్ల పాట అది.

గోదారి దాటవడ్తిమి, గొళ్లెమేసి వస్తిమి,
తలుపుకేమి చెప్పొస్తివే, తల్లీ, ఎన్నడొస్తవని?

రికార్డింగు జగదల్‌పూర్‌లో పెట్టుకున్నాం. మైకు ముందు నిలబడితే వదినకు గొంతు పెగల్లేదు. చేతిలో పని లేకుండా ఆమె ఎప్పుడూ పాడలేదు మరి. చివరికి స్టూడియో అతను పక్కింటి నుంచి పళ్లెంలో కందిపప్పు తెచ్చిచ్చాడు. రాళ్లు ఏరుతూ, ఒక్క ఊపున పాడేసింది.

అంతా అయ్యాక అతను హిందీలో, "దీదీ, చివర్న అందరూ సంతోషంగా ఇల్లు చేరినట్టు ఒక చరణం పెట్టండి, జనం వింటారు" అన్నాడు. నాకూ అదే బాగుందనిపించింది. వదిన పళ్లెం కింద పెట్టింది.

"అందరం తిరిగొస్తమని ఎట్ల పాడుత పిల్లా? పోయినేడు మాతోని వచ్చినామె తిరిగి రాలే. ఆమె బిడ్డ ఈ పాట ఇంటే నన్నేమంటది?"

"పాటే కదా వదినా" అన్నాను.

"అబద్ధం పాడితే గొంతు బొంగురు వోతది."

నేను అలిగాను. బస్టాండు దాకా ఆమెకంటే నాలుగడుగులు ముందే నడిచాను. బస్సు ఎక్కాక వదినే కిటికీలోంచి చెయ్యి చాపి నా తల నిమిరింది. పాట ఆమె చెప్పినట్టే, తలుపును అడిగిన ప్రశ్న దగ్గరే ఆగింది.

ఈ ఏడు తోటకు పోవద్దని చెప్పాను. పాట బయటికొస్తే పిలుపులు వస్తాయని, ఇంటి పట్టున ఉండమని బతిమాలాను. "నేను పోకుంటే ఈ పాట నాకెందుకు?" అంది. ఇంకాస్త గట్టిగా చెప్పాల్సిందని రోజూ అనిపిస్తోంది.

శుక్రవారం పొద్దున తర్లగూడ చేరాను. వదినతో పనికి పోయిన ఆడవాళ్లంతా శవంతో పాటే తోట నుంచి తిన్నగా వచ్చి, వాకిట్లో కూర్చుని ఉన్నారు. అరచేతులు పైకి తెరిచి ఒళ్లో పెట్టుకున్నారు. కళ్ల నీళ్లు చెంపల మీదుగా కారి చీరల మీద పడుతున్నా ఎవరూ తుడుచుకోవడం లేదు. ఎందుకో నాకు కాసేపు అర్థం కాలేదు. వాళ్ల వేళ్లకు ఇంకా మిరప మంట ఉంది. కంటికి చెయ్యి తగలనివ్వలేరు.

ఈ ఏడు పనికి పోలేక ఊళ్లోనే ఉండిపోయిన ఒక ముసలామె లేచింది. తడి చెంగు పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగుతూ, వాళ్ల మొహాలు తుడుస్తూ వెళ్లింది.